రెండు గంటల ఫ్లైట్

దూరం అడిగితే ఓబదయ్య ముందు కళ్ళు మూసుకునేవాడు. రెండు క్షణాలు, అంతే. తర్వాత అంకె చెప్పేవాడు.

"కానో నుంచి ఖార్టూముకి?"

"రెండు వేల ఆరొందల చిల్లర కిలోమీటర్లు. మూడు గంటల ముప్పావు."

అడిగింది ఖాదర్ మొహిద్దీన్. పక్క బల్ల దగ్గర కార్గో చూసేవాడు. గోడ మీది ప్రపంచ పటానికి స్కేలు ఆనించి, వేళ్ళ మీద లెక్క వేసుకుని, చివరికి స్కేలు విసుగ్గా సొరుగులో పడేసేవాడు.

"ఎప్పుడన్నా ఒకసారి తప్పు చెప్పు ఓబన్నా. నీకు పుణ్యముంటాది. యాభై కిలోమీటర్లు తేడా వచ్చినా సాలు, కడపలో మా చెల్లెలింట్లో గూడా మిఠాయి పంచుతా."

"తప్పు చెప్పడానికి అదేమన్నా నా సొంత దూరమా? భూమి ఎంతుంటే అంత."

జెద్దాలో షరఫియా అంటే మనవాళ్ళ బజారు. అక్కడ దర్జీ దుకాణాల వరసలో ఇరుకు మెట్లెక్కి పైకి పోతే వాళ్ళ ట్రావెల్ ఆఫీసు. రెండు బల్లలు, ఒక ఏసీ, ఏ కంపెనీయో కానుకగా ఇచ్చిన గుండ్రటి గోడ గడియారం. దాని గంటల ముల్లు వెనక వైపు కూడా కాస్త పొడుగ్గా, తోకలా ఉండేది. ఇన్నేళ్ళలో ఆ తోకను ఎవరూ పట్టించుకోలేదు.

ఓబదయ్యది రేపల్లె. అక్కడి బస్టాండు ఎంక్వైరీలో మూడేళ్ళు మైకు పట్టుకున్నాడు. 'రెండు గంటల బాపట్ల బస్సు మూడో నంబరు ప్లాట్‌ఫారం' అని ఆయన చెబితే, గొంతు బాగుందని తిరునాళ్ళ కమిటీవాళ్ళు కూడా పిలిచేవారు. పర్మనెంటు చేయిస్తానన్న కంట్రోలరు తానే రిటైరయి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ఎనభై తొమ్మిదిలో ఓబదయ్య ఇదే ఆఫీసుకు టీలు కాయడానికి వచ్చాడు. నెలనెలా ఆఫీసుకు విమానాల వేళలన్నీ అచ్చువేసిన లావుపాటి పుస్తకం వచ్చేది. పాతది బయట పారేసేవారు. పారేసినదాన్ని ఆయన గదికి తీసుకుపోయి చదివాడు, ఇంకొకరు వారపత్రిక చదివినట్టు. నాలుగేళ్ళకు టిక్కెట్ల బల్ల ఆయనదయింది.

లెక్క ఆయనే కట్టుకున్నాడు. పెద్ద విమానమైతే గంటకు ఎనిమిదొందల కిలోమీటర్లు, ఎక్కడానికీ దిగడానికీ కలిపి అరగంట. రెక్కలకు పంకాలుండే చిన్న విమానమైతే గంటకు అయిదొందలు, పైన ఇరవై నిమిషాలు. కంప్యూటరు వచ్చాక కూడా టిక్కెట్టు కొట్టడానికే తప్ప తెలుసుకోవడానికి దాన్ని వాడేవాడు కాదు.

ఆయన బల్ల ముందు కూర్చునేవాళ్ళలో సగంమంది సముద్రానికి అవతలి ఒడ్డువాళ్ళు. సూడానీలు, హబషీలనే ఇథియోపియావాళ్ళు, నైజీరియా నుంచి యాత్రకు వచ్చిన హౌసా ముసలమ్మలు. వాళ్ళ ఊళ్ళ మధ్య దూరాలన్నీ ఓబదయ్యకు నోటికొచ్చు. ఒక్క ఊరూ చూడలేదు. ఆయన ఎక్కిన విమానాలన్నీ రెండేళ్ళకోసారి ఇంటికి పోయి వచ్చినవే. "ఊళ్ళో జనానికంతా దారి చెబుతావు, నువ్వు మాత్రం ఇంటికి రెండేళ్ళకోసారి వస్తావు" అని భార్య రాజ్యం ఫోనులో దెప్పేది. ఆ దూరం, ఆ వేళ కూడా ఆయన నిమిషాలతో సహా చెప్పేవాడు. ఆమె నవ్వేసేది.

రెండువేల ఏడు ఆగస్టులో లీల ఆ మెట్లెక్కి వచ్చింది.

లీలది చెరుకుపల్లి. రేపల్లెకు కూతవేటు. జెద్దాలో ఒక ప్రైవేటు ఆసుపత్రి పిల్లల వార్డులో నర్సు. ఓబదయ్యను బాబాయ్ అని పిలిచేది. పిలుపే తప్ప చుట్టరికం లేదు. ఆమె భర్త బ్లెస్సన్ ఇథియోపియాలో మెకెలే అనే ఊళ్ళో ఇంజనీరింగు కాలేజీ లెక్చరరు. ఆ రోజుల్లో మనవాళ్ళు చాలామంది అలా ఇథియోపియా కాలేజీలకు పోయారు. వాళ్ళ పెళ్ళి అయి పద్నాలుగు నెలలు. కలిసి ఉన్నది పందొమ్మిది రోజులు.

"హనీమూన్‌కి ఎక్కడికెళ్ళారని మా వార్డులో అడుగుతుంటారు బాబాయ్. ఆయన ఇథియోపియాకి, నేను జెద్దాకి అని చెప్తుంటా."

"ఇప్పుడు సెలవు దొరికిందా?"

"మేట్రన్ కాళ్ళు పట్టుకుంటే ఏడు రోజులిచ్చింది. సెప్టెంబరు ఎనిమిది శనివారం నుంచి. పై శనివారానికి డ్యూటీలో ఉండాలి. పోయి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ కొట్టిచ్చారు, ఆ దేశం వీసా కూడా అయిపోయింది." ఆమె వేళ్ళు మడిచింది. "శనివారం చేరి శుక్రవారం తిరిగొస్తే అక్కడ ఏడు రోజులు. పందొమ్మిదీ ఏడూ ఇరవై ఆరు. అప్పటికి నా కాపురం ఇరవై ఆరు రోజులవుద్ది."

ఖాదర్ కార్గో రసీదుల మీంచి తలెత్తాడు. "మా యింట్లో ఇరవై ఆరేండ్లు అయ్యిండాది. ఇంకొంచెం తక్కువైనా బాగుండు అనిపిస్తాదమ్మా."

ఓబదయ్య కళ్ళు మూసుకుని తెరిచాడు. "జెద్దా నుంచి అడిస్ అబాబా పద్నాలుగొందల పైచిలుకు కిలోమీటర్లు. రెండుంబావు గంటలు. అడిస్ నుంచి మెకెలే నేరుగా అయిదొందలు, చిన్న విమానంలో గంటా ఇరవై నిమిషాలు. రోడ్డు మీదైతే కొండలు చుట్టుకుని ఏడొందల ఎనభై, బస్సుకి రెండు రోజులు. మధ్యలో రాత్రికి ఎక్కడో దిగి పడుకోవాలి. అట్టా పోవద్దు."

"మెకెలే టిక్కెట్టు అక్కడే తీస్తానన్నారు ఆయన. అక్కడ ఉద్యోగం చేసేవాళ్ళ భార్యలకు తక్కువకిస్తారంట."

వారం తర్వాత ఆమె మళ్ళీ వచ్చి, బ్లెస్సన్‌కు ఫోను కలిపి ఓబదయ్య చేతికిచ్చింది. లైనులో గాలి వీస్తున్న చప్పుడు.

"బాబాయ్, శనివారానికి మెకెలే సీటు దొరికింది. రెండు గంటల ఫ్లైట్."

ఓబదయ్య ఆ మాట పైకే అన్నాడు. "రెండు గంటల ఫ్లైట్."

"రెండు గంటలా?" అంది లీల. "గంటన్నర లోపే అన్నారుగా?"

ఓబదయ్య చెయ్యెత్తి ఆమెను ఆగమన్నాడు. ఈ మెలిక ఆయనకు కొత్త కాదు. మనం రెండు గంటల బస్సు అంటే రెండింటికి బయలుదేరే బస్సూ కావచ్చు, రెండు గంటలు పట్టే బస్సూ కావచ్చు. రేపల్లెలో ఈ మాట మీదే ఒక పెళ్ళివారు బస్సు తప్పిపోయి ఎంక్వైరీ కిటికీకి వేలాడారు. అయిదొందల కిలోమీటర్లకు చిన్న విమానమైనా గంటా ఇరవై నిమిషాలు మించదు. కాబట్టి ఇది పట్టే సమయం కాదు, బయలుదేరే వేళ. అయినా మంచిదని మళ్ళీ అడిగాడు.

"రెండింటికి బయలుదేరేదేగా బ్లెస్సన్?"

"ఆ, రెండింటికే. అమ్మాయి అడిస్‌లో ఎన్నింటికి దిగుద్ది?"

"పదకొండుకి."

అటువైపు బ్లెస్సన్ లెక్కేసుకున్నాడు. "పదకొండుకి దిగితే మూడు గంటల టైముంది. చాలు బాబాయ్, బ్రహ్మాండం."

"నాకూ మూడు గంటలే వచ్చింది" అన్నాడు ఓబదయ్య. రెండు వైపులా లెక్క సరిపోయాక ఇక అనుమానమెందుకు? శనివారం పొద్దున ఎనిమిదీ ముప్పావుకు జెద్దాలో ఎక్కే టిక్కెట్టు కొట్టాడు.

"గడియారం ఏమన్నా మార్చుకోవాలా బాబాయ్, అక్కడ దిగాక?"

"నిమిషం కూడా తిప్పబాకు. జెద్దాకీ వాళ్ళకీ ఒకటే టైము."

అది నిజమే. జెద్దాకూ అడిస్‌కూ నిమిషం తేడా లేదు.

సెప్టెంబరు మొదటి వారంలో ఆఫీసు కిక్కిరిసింది. ఆ నెల పన్నెండో తేదీ, బుధవారం నాడు, ఇథియోపియాలో కొత్త సంవత్సరం. అదీ వాళ్ళ లెక్కన రెండువేల సంవత్సరం. ఏడేళ్ళ కింద ప్రపంచమంతా చేసుకున్న పండగ వాళ్ళకు ఇప్పుడొచ్చింది. హబషీలందరూ ఇళ్ళకు పోతున్నారు. అడిస్ విమానాలన్నీ నిండిపోయాయి.

గురువారం సాయంత్రం, సరిగ్గా మగ్రిబ్ నమాజుకు బాంగు వినపడేవేళకు ఒక హబషీ మెట్లెక్కి వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, ఎవరో షేకు ఇంట్లో డ్రైవరు. పాస్‌పోర్టు మీద పేరు వర్కు.

"పేరే వర్కు అంట" అన్నాడు ఖాదర్ లేస్తూ. "పనిలో పెట్టుకున్న కఫీలు అదృష్టవంతుడు. నేను నమాజుకు పోయొస్తా ఓబన్నా, షటరు దించుకో."

నమాజు వేళ కొట్లన్నీ మూయాలి కాబట్టి షటరు దించారు. నమాజు అయ్యేదాకా, ఇరవై నిమిషాలు, బయటికి పోయే పని లేదు. వర్కు మెడలో చొక్కా లోపల హబషీ క్రైస్తవులు కట్టుకునే నల్లదారం కనిపించింది. ఓబదయ్య ఏమీ అడగకుండా ఫ్లాస్కులో టీ ఉంటే ఇద్దరికీ పోశాడు. వర్కు అరబ్బీ బాగా మాట్లాడతాడు. ఓబదయ్య అరబ్బీ అంకెల వరకూ గట్టిది, తక్కినది సర్దుకుపోతుంది.

"రేపు సాయంత్రం ఆరు గంటలకు ఒక్క సీటుంది" అన్నాడు ఓబదయ్య. "దిగేది ఎనిమిదింబావుకి."

వర్కు జేబులోంచి పెన్ను తీసి అరచేతిలో పన్నెండు అని రాసుకున్నాడు.

"పన్నెండు కాదు. ఆరు."

"నీకు ఆరు. మా అమ్మకు పన్నెండు."

ఓబదయ్యకు అర్థం కాలేదు. వర్కు టీ పక్కన పెట్టి, లేచి గోడ గడియారం దగ్గరికి పోయాడు. మా ఊళ్ళో పొద్దు పొడిచాకే లెక్క మొదలవుతుంది, అని చెప్పాడు. పొద్దు పొడిచిన గంటకు ఒంటిగంట. మీ ఏడు మా ఒకటి. సాయంత్రం మీ ఆరుకు మాకు పన్నెండు. పొద్దు గూకాక మళ్ళీ ఒకటి. తర్వాత గంటల ముల్లు తోక మీద వేలు పెట్టాడు.

"మీరు ఈ మొన చూస్తారు. మేం ఈ తోక చూస్తాం. ఇప్పుడు మీకు ఆరున్నర, మాకు పన్నెండున్నర. గడియారం ఒకటే."

ఓబదయ్యకు ముచ్చటేసింది. పద్దెనిమిదేళ్ళుగా ఈ ఆఫీసులో ఉన్నాడు, ఎవరూ చెప్పలేదు. చిన్నపిల్లాడిలా అడగడం మొదలుపెట్టాడు.

"పొద్దున తొమ్మిది?"

"మూడు."

"మధ్యాహ్నం ఒంటిగంట?"

"ఏడు. నువ్వు చెప్పిన ఏడే మా అమ్మను ముంచింది. పోయినసారి రాత్రి ఏడుకు దిగుతావని నువ్వే టిక్కెట్టిచ్చావు. నేను ఫోనులో ఏడు అనే చెప్పాను. ఇక్కడ ఆరేళ్ళుండి నాకూ మీ అంకెలే నోటికొస్తున్నాయి. పాపం మధ్యాహ్నం నుంచి ఆరు గంటలు నిలబడింది, ఎయిర్‌పోర్టు బయట."

ఓబదయ్య నవ్వాడు. "మరి పొద్దున ఎనిమిది?"

"రెండు."

నవ్వు ఆగిపోయింది. ఆయన కప్పు బల్ల మీద పెట్టాడు.

"రెండంటే?"

"రెండంటే మీ ఎనిమిది. బళ్ళు తెరిచే వేళ."

"మా దేశంవాడు ఒకడు" అన్నాడు ఓబదయ్య మెల్లగా. "మెకెలేలో కాలేజీలో పాఠాలు చెబుతాడు. రెండేళ్ళయింది. వాడు రెండు గంటల ఫ్లైట్ అంటే?"

"కాలేజీ గంట ఆ లెక్కే కొడుతుంది. వాడి చేతి గడియారం కూడా ఆ లెక్కకే పెట్టుకుని ఉంటాడు. పొద్దుటి విమానం అది."

ఓబదయ్య కంప్యూటరు వైపు తిరిగాడు. తెలుసుకోవడానికి దాన్ని అడగడం బహుశా అదే మొదలు. అడిస్ నుంచి మెకెలే, శనివారం. బయలుదేరేది ఎనిమిది, చేరేది తొమ్మిదీ ఇరవై. గంటా ఇరవై నిమిషాలు. ఆ ముక్క మాత్రం ఆయన సరిగ్గానే చెప్పాడు. లీల జెద్దాలో విమానమెక్కడానికి ముప్పావుగంట ముందే అది ఎగిరిపోతుంది. ఆదివారం నిండింది. సోమ, మంగళ, బుధవారాలు నిండాయి. ఒక్క సీటు కనిపించింది, పదమూడు గురువారం. శుక్రవారం తిరుగు ప్రయాణం.

పందొమ్మిదీ రెండూ ఇరవై ఒకటి.

అప్పుడు అర్థమైంది ఆయనకు, ఆ రోజు ఫోనులో రెండు వైపులా లెక్క ఎందుకు సరిపోయిందో. ఆయన పదకొండు అంటే బ్లెస్సన్ తెల్లవారుజాము అయిదు అనుకున్నాడు. బ్లెస్సన్ రెండు అంటే ఆయన మధ్యాహ్నం అనుకున్నాడు. అయిదు నుంచి ఎనిమిదికి మూడు గంటలు. పదకొండు నుంచి రెండుకూ మూడు గంటలే. ఇద్దరూ తప్పుగా విని, ఇద్దరూ ఒకే జవాబు తెచ్చుకుని, ఒకరినొకరు మెచ్చుకున్నారు.

తెర మీద రేపు సాయంత్రపు సీటు ఇంకా కనిపిస్తోంది. ఒక్కటే. బల్ల మీద వర్కు పాస్‌పోర్టు తెరిచి ఉంది.

ఓబదయ్య దాన్ని మూసి, రెండు చేతులతో అతని వైపు జరిపాడు.

"వర్కూ, నేను ఒక ఆడపిల్లకు తప్పు చెప్పాను."

మొత్తం చెప్పాడు. పందొమ్మిది రోజులతో సహా. అరబ్బీ చాలకపోతే వేళ్ళు చూపించాడు. అదే విమానానికి ఆమెను రేపు పంపితే శనివారం పొద్దుటి మెకెలే విమానం అందుతుంది. ఆమె వదిలే శనివారం సీటు నీకు ఇస్తాను, నీ పండగ బుధవారం కదా, అని ఆగాడు.

వర్కు తొందరపడలేదు. "నువ్వు తప్పు చెప్పవని మా డ్రైవర్లందరూ అంటారు."

"ఇప్పుడు చెప్పాను."

"రేపటికని మా తమ్ముడు వ్యాను మాట్లాడి పెట్టుకున్నాడు."

షటరు అవతల నుంచి ఖాదర్ తట్టాడు. నమాజు అయింది. వర్కే పోయి షటరు లేపాడు. తిరిగి వచ్చి కూర్చుని పాస్‌పోర్టును మళ్ళీ ముందుకు నెట్టాడు.

"శనివారం కొట్టు. వ్యానువాడు నా మేనమామే. కానీ టిక్కెట్టు మీద మా గడియారం కూడా రాయి. నీ చేత్తో, పెద్దగా. మా అమ్మ ఇంకోసారి నిలబడకూడదు."

ఓబదయ్య ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ముందు ఆ సాయంత్రపు సీటులో లీల పేరు పడింది. తర్వాత శనివారం సీటులో వర్కు పేరు. టిక్కెట్టు కవరు మీద నల్ల మార్కరుతో రాశాడు: దిగేది 11. దాని కింద, ఇంకా పెద్దగా: 5.

వర్కు ఆ అయిదును గోడ గడియారం ముల్లు తోకతో సరిచూసుకుని కవరు జేబులో పెట్టుకున్నాడు. ఖాదర్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఏందిది? ఓబన్న మొగం చూస్తే ఎవరో పోయినట్టుండాది."

"ఖాదరూ, మీ చెల్లెలికి చెప్పు. మిఠాయి పంచుకోమను."

గురువారం సాయంత్రాలు ఆసుపత్రి బస్సు నర్సులను షరఫియాకు తెచ్చి రెండు గంటలు వదిలిపెట్టేది. ఓబదయ్య ఫోను చేసేసరికి లీల కింద బజారులోనే ఉంది. గోంగూర పచ్చడి సీసా కోసం మూడో కొట్టు తిరుగుతోంది. పది నిమిషాలకు రెండు సంచులతో పైకి వచ్చింది. వెంట సాబేరా. కర్నూలామె, వార్డులో లీల కంటే పదేళ్ళు పెద్ద.

ఓబదయ్య కూర్చోమనలేదు. తానే లేచి నిలబడ్డాడు.

"అమ్మా, రెండు గంటల ఫ్లైట్ మధ్యాహ్నానిది కాదు. పొద్దున ఎనిమిదిది. అక్కడ రెండంటే ఎనిమిది. నాకు తెలవదు. కంప్యూటరులో చూస్తే తెలిసేది, చూళ్ళేదు."

లీల సంచులు కింద పెట్టింది. "అయితే శనివారం నేను దిగేసరికి..."

"వెళ్ళిపోయుంటది. మళ్ళీ సీటు గురువారమే."

ఆమె పెదవులు కదిలాయి. లెక్క పెడుతోందని ఆయనకు తెలుసు. ఎంత వస్తుందో కూడా తెలుసు.

"ఇరవై ఒకటి" అంది.

"ఇరవై ఒకటి కాదు. రేపు సాయంత్రం ఆరింటి సీటు తీశాను నీకు. మధ్యాహ్నం మూడింటికల్లా ఎయిర్‌పోర్టులో ఉండాలి. పాస్‌పోర్టు నీ దగ్గరేగా?"

"నా దగ్గరే. కానీ రేపు మూడింటిదాకా నాకు డ్యూటీ!"

అందరూ సాబేరా వైపు చూశారు. సాబేరా గోడ మీది పటం చూస్తోంది.

"నన్నెందుకు సూస్తారు? శుక్రవారం నాకు వీక్లీ ఆఫ్. వారానికి ఒక్క పూట నిద్రపోతా నేను."

"అక్కా..."

"అక్కా లేదు, గిక్కా లేదు. ఆ దేశంలో ఏముంటాది?"

"కాఫీ గింజలు బాగుంటాయంట" అన్నాడు ఓబదయ్య.

"ఎన్ని కిలోలు తెస్తావ్?"

"రెండు!"

"మూడు. రేపు ఒంటిగంటకు నేనొచ్చి నిలబడతా. మేట్రన్‌కి నేనే సెప్తా, నువ్వు నోరు తెరవాకు. తెరిస్తే ఏడుస్తావ్."

లీల అప్పటికే బ్లెస్సన్‌కు ఫోను కలిపింది. మామూలుగా ఆమె అతనితో అందరి ముందూ గొంతు తగ్గించి మాట్లాడేది. ఆ రోజు తగ్గించలేదు.

"ఏవండీ, రెండు గంటలంటే ఎప్పుడు? పొద్దునా, మధ్యాహ్నమా?"

అటునుంచి జవాబు వచ్చాక ఆమె గొంతు ఇంకా పెరిగింది.

"మీ గడియారం మీ దగ్గర పెట్టుకోండి. నాతో మాట్లాడేటప్పుడు చెరుకుపల్లి టైము చెప్పండి! పదకొండంటే ఏమనుకున్నారు? తెల్లారుజామా? ఏ ఫ్లైటన్నా పదకొండుకి దిగుద్దంటే తెల్లారుజామనుకుంటారా ఎవరన్నా? ... నవ్వకండి. నేను నవ్వట్లేదు."

నవ్వుతూనే ఉంది. కళ్ళు తుడుచుకుంది. అడిస్‌లో ఉమామహేశ్వరరావు గారని ఒక ప్రొఫెసరు ఉన్నారనీ, భార్యాభర్తలిద్దరూ రేపు రాత్రి ఎయిర్‌పోర్టుకు వచ్చి ఇంటికి తీసుకుపోతారనీ, పొద్దున వాళ్ళే మెకెలే విమానం ఎక్కిస్తారనీ బ్లెస్సన్ చెప్పాడు. ఓబదయ్య ఫోను అడిగి తీసుకుని ఒకే మాట అన్నాడు.

"వాళ్ళకి టైము రెండు గడియారాల్లోనూ చెప్పు నాయనా."

శుక్రవారం ఆఫీసు సెలవు. గదిలో ఏసు ప్రార్థనకు నలుగురైదుగురు కూడారు. మోకరించినప్పుడు ఓబదయ్య కళ్ళు మూసుకుంటే అంకెలే కనిపించాయి. సాయంత్రం అయిదుంబావుకు లేచి టెర్రసు మీదికి పోయాడు. ఆరూ పదికి ఒక విమానం సముద్రం వైపు లేచి దక్షిణానికి తిరిగింది. అదే అయుండాలనుకున్నాడు. రాత్రి పదిన్నరకు లీల మెసేజి వచ్చింది, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: ప్రొఫెసరు గారు దొరికారు, ఆంటీ పప్పుచారు పెట్టారు.

ఇక మిగిలింది అయిదొందల కిలోమీటర్లు.

శనివారం ఆయన ఎనిమిదింటికే ఆఫీసు తెరిచాడు. తొమ్మిదింటికి ఖాదర్ వచ్చేసరికి కుర్చీ ఎక్కి గోడ గడియారం అద్దం బిగిస్తూ కనిపించాడు. గంటల ముల్లు తోక చివర, కార్గో పెట్టెలకు అంటించే ఎర్ర కాగితం ముక్క, గోరంత, అంటించి ఉంది.

"నా స్టిక్కర్లు అడక్కుండా తీసుకున్నావా?"

"ఒక్కటే."

"బావుండాది. రేపట్నుంచి ఎవరన్నా టైము అడిగితే, మొన కావాల్నా తోక కావాల్నా అని అడగల్ల మనం."

తొమ్మిదీ ఇరవై అయింది. ఫోను మోగలేదు. వర్కు విమానం ఈపాటికి సముద్రం దాటుతూ ఉంటుంది. తొమ్మిదిన్నర. ఓబదయ్య ఒక సూడానీ పెద్దాయనకు టిక్కెట్టు కొడుతూ ఒకే అక్షరం మూడుసార్లు తప్పు కొట్టాడు. ఖాదర్ చూశాడు, ఏమీ అనలేదు. ఆయన ఏమీ అనకపోవడమే ఓబదయ్యకు కంగారు పుట్టించింది.

"ఏదో ఒకటి అనవయ్యా."

"ఏమనాల? గంటా ఇరవై అని నువ్వేగా సెప్పినావ్. దాటింది."

"కొండల ఊరు. మబ్బులుంటే పైన తిప్పుతారు."

"అది నీ లెక్కలో ఉండాదా?"

"లేదు."

తొమ్మిదీ నలభైకి ఫోను బల్ల మీద గిరగిరా తిరిగింది. బ్లెస్సన్ మెసేజి. ఖాదర్ ముందుగా అందుకుని పైకి చదివాడు.

"లీల దిగింది. సరిగ్గా మూడూ ముప్పై అయిదుకి." చదివి, గోడ గడియారంలో కావాలనే ముల్లు మొన చూశాడు. "మూడూ ముప్పై అయిదా? ఇంకా ఆరు గంటలుండాదే ఓబన్నా! దిగకముందే దిగిందని పంపించినాడా మీ వోడు?"

ఓబదయ్య గడియారం వైపు చూశాడు. ఎర్ర ముక్క మూడుకూ నాలుగుకూ మధ్య నిలబడి ఉంది.

"పదిహేను నిమిషాలు లేటు" అన్నాడు.

వెంటనే ఇంకో మెసేజి వచ్చింది. ఈసారిది లీల నుంచి. అందులో ఒక అంకె తప్ప ఏమీ లేదు. ఖాదర్‌కు అర్థం కాలేదు.

"ఇరవై ఆరు. ఇదేం టైము? వాళ్ళ గడియారంలో ఇరవై ఆరు గూడా ఉంటాదా?"

"అది టైము కాదులే" అని ఓబదయ్య ఫోను జేబులో వేసుకుని, సూడానీ పెద్దాయన వైపు తిరిగాడు. ఆయన ఖార్టూము నుంచి ఎంజమీనాకు ఎంత దూరమో అడుగుతున్నాడు. ఓబదయ్య కళ్ళు మూసుకోబోయి, తెరిచి, కంప్యూటరు మీద చేతులు పెట్టాడు.

"ఒక్క నిమిషం, హాజీ. చూసి చెబుతా."